మాత్ర మన గుమ్మం దాకా వచ్చింది



గత సంవత్సరం వర్షాకాలంలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి, అందరూ వెళ్లిపోయిన తరువాత ఒక సహోదరి మా ఇంటి వెనుక గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది. కైకలూరుకు కొద్ది దూరంలో చేపల చెరువుల మధ్య ఉన్న ఒక చిన్న ఊరు ఆమెది. చంకలో పిల్లవాడు, చేతిలో గుడ్డసంచి. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఇల్లాలు లోపలికి పిలిచి మంచినీళ్లు ఇచ్చిన తరువాత సంచిలోనుంచి ఒక తెల్లని మందుల సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"అయ్యగారూ, ఇది మీ ఇంట్లో ఉంచుతారాండీ? సాయంత్రం గుడి ఊడవడానికి వస్తాను కదండీ, అప్పుడు ఒక మాత్ర వేసుకొని పోతాను. ఇంట్లో బియ్యం డ్రమ్ములో దాచానండీ. మొన్న మా అత్తమ్మ బియ్యం తీస్తుంటే ప్రాణం పోయినంత పనయింది" అన్నది.

ఆ సీసా ఏమిటో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. దాని మీద ఉన్న పేర్లు మాకు తెలుసు. హెచ్.ఐ.వి. ఉన్నవారికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందు అది. ఆ సీసాను మా బీరువాలో, బాప్తిస్మపు రిజిస్టరు పక్కన పెట్టాము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ మాత్ర ఢిల్లీనుండి ఏలూరు దాకా, ఏలూరు నుండి ఈ కొల్లేటి ఒడ్డు దాకా ఎంతో దూరం వచ్చింది. తీరా మన విశ్వాసి ఇంటి గుమ్మం దగ్గరకు వచ్చి బియ్యం డ్రమ్ములో దాగవలసి వచ్చింది. దోషం ఎక్కడున్నది? ఈ నెల ఈ సంగతిని మన కుటుంబాలన్నీ కలసి ఆలోచించాలని కోరుచున్నాము.

ముందుగా మా తప్పిదము

ఇతరులను అడిగే ముందు మా సంగతి మేము ఒప్పుకోవలెను.

వేదాంత పాఠశాలలో డిప్లొమా ముగించుకొని మేము మొదట కాపరిగా వచ్చిన సంఘంలో ఒక సహోదరుడు ఉండేవాడు. చేపల లారీ నడిపేవాడు. ఐసు పెట్టెలతో కలకత్తా దాకా పోయి రావడం, ఇంట్లో ఉన్న నాలుగు రోజులు గుడిలో డోలకు వాయించడం, మళ్లీ లారీ ఎక్కడం – అదే అతని జీవితం. జబ్బు పడి, పరీక్ష చేయించుకొని, మందు మొదలుపెట్టాడు. ఆరు నెలలు తిరిగేసరికి ఒళ్లు చేసి, మరల లారీ ఎక్కే స్థితికి వచ్చాడు.

అటువంటి సమయములో మా ప్రాంతంలో మూడు రాత్రుల స్వస్థత కూడికలు జరిగినవి. వచ్చిన బోధకుడు విశ్వాసం ఉన్నవాడు మందులు వదిలిపెట్టవలెనని వేదిక మీదనుంచి చెప్పాడు. ఆ సహోదరుడు మరునాడు తన సీసాను కాలువలో పారవేశాడు. ఆ రాత్రి వేదిక మీద కూర్చున్నవారిలో మేమూ ఉన్నాము. అది తప్పని మాకు తెలుసు. పెద్దవారి ముందు ఎలా మాట్లాడుదుమని నోరు మూసుకొని ఉన్నాము. సంవత్సరం తిరగకుండానే అతనిని సమాధి చేశాము. పెట్టె మోయడానికి నలుగురు ముందుకు రాలేదు. ఇద్దరు బంధువులు, మేము, సమాధి తవ్వినవాడు కలసి మోశాము.

ఆ దినమున మేము నోరు తెరచి ఉంటే అతడు బ్రతికేవాడని రూఢిగా చెప్పలేము. కాని నోరు తెరవవలసినది. ఈ వ్యాసం వ్రాయడానికి అదే కారణము.

ఖర్చు ఎవరు పెట్టారు?

మన దేశంలో ఈ తెగులును మొదట గుర్తించినది 1986లో, చెన్నపట్నంలో. డాక్టరు సునీతి సాల్మన్ గారు, ఆమె విద్యార్థిని నిర్మల గారు కలసి రక్త నమూనాలు సేకరించి పరీక్షకు పంపగా బయటపడింది. అది మన దేశపు జబ్బు కాదని, మన సంస్కృతిలోనికి రాదని ఆనాడు చాలామంది వాదించారు. జబ్బు ఆ వాదనను వినిపించుకోలేదు.

1992లో కేంద్ర ప్రభుత్వం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను స్థాపించింది. దానినే పొట్టిగా 'నాకో' అంటున్నారు. మొదటి దశ కార్యక్రమానికి ప్రపంచ బ్యాంకు 8 కోట్ల 40 లక్షల డాలర్ల అప్పు ఇచ్చింది. ఆ రోజులలో ముఖ్యంగా జరిగిన పని రక్తాన్ని శుభ్రపరచడం, భయాన్ని చాటడం. అప్పట్లో పట్టణాలలో రక్తం అమ్ముకొని బ్రతికేవారు ఉండేవారు. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వలన 1998 జనవరి నుండి రక్తం అమ్మకం నిషేధమైనది. ఈనాడు మన బిడ్డకు కాన్పులో రక్తం ఎక్కించవలసి వస్తే దానిని ముందుగా పరీక్షిస్తున్నారంటే, వెనుక ఇంత శ్రమ ఉన్నది.

1999లో రెండవ దశ ఆరంభమైనది. అంతా ఢిల్లీనుంచి నడిపితే పని జరగదని తెలుసుకొని రాష్ట్రాలకు పనిని, డబ్బును అప్పగించారు. మన ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ 1998లోనే ఏర్పడింది. ఖజానా మెలికలలో చిక్కుకోకుండా డబ్బు నేరుగా పనికి చేరడానికి శాఖగా కాక సొసైటీగా పెట్టారు. 2007లో మూడవ దశ, 2012లో నాలుగవ దశ, 2021లో ఐదవ దశ ఆరంభమైనవి. 2021 ఏప్రిల్ నుండి 2026 మార్చి వరకు అని నిర్ణయించిన ఐదవ దశకు కేంద్రం 15,471 కోట్ల 94 లక్షల రూపాయలు కేటాయించింది. మొదట అప్పుతో నడిచిన ఈ పనికి ఈ దశలో మొత్తం ఖర్చు కేంద్ర ఖజానాయే పెట్టుకొన్నది. అనగా మనం కొనే సబ్బు, కిరోసిన్ మీద కట్టిన పన్ను కూడా అందులో ఉన్నది.

బయటివారూ సహాయపడ్డారు. 2003లో గేట్స్ ఫౌండేషన్ 'ఆవాహన్' అనే పనిని ఆరంభించి ఆరు రాష్ట్రాలలో నడిపింది. అందులో మన రాష్ట్రం ఒకటి. మన కోస్తా జిల్లాలలో హిందుస్థాన్ లేటెక్స్ వారి ట్రస్టు ఆ పనిని చూసింది. జాతీయ రహదారుల వెంబడి లారీ డ్రైవర్లకు వైద్యశాలలు పెట్టారు. మన ఏలూరు, తాడేపల్లిగూడెం ఉన్నవి ఆ రహదారి మీదనే కదా! కొన్ని సంవత్సరాల తరువాత ఆ పనిని ఫౌండేషన్ వారు క్రమంగా ప్రభుత్వానికి అప్పగించి తప్పుకొన్నారు. పరాయి డబ్బు ఎప్పుడో ఒకనాడు ఆగుతుంది. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సహాయాన్ని ఉన్నట్టుండి నిలిపినప్పుడు ఆఫ్రికాలో ఎన్నో వైద్యశాలలు తలుపులు మూసుకొన్నవి. మన మాత్ర ఆగలేదు. దేశం తన సొంత సంచిలోనుంచి ఖర్చు పెట్టడం వలన కలిగిన మేలు అది.

పులిరాజా రోజులు

మన పాఠకులలో ముప్పై ఐదు దాటినవారందరికీ పులిరాజా జ్ఞాపకం ఉండే ఉంటాడు. 2003 ప్రాంతంలో మేము వేదాంత పాఠశాలలో ఉన్న రోజులవి. బస్టాండులో, రోడ్డు మలుపులో ఎక్కడ చూచినా ఒకటే పెద్ద బోర్డు: పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా? ఎవరీ పులిరాజా అని టీ కొట్టు దగ్గర చర్చలు. కొందరు నవ్వుకొన్నారు, కొందరు తమ పిల్లలు అర్థం అడుగుతున్నారని విసుగుకొన్నారు. కాని అంతవరకు గుసగుసగా కూడా పలకని మాటను ఆ బోర్డు ఊరి నడిబొడ్డున నిలబెట్టింది. బొంబాయిలో బల్బీర్ పాషా పేరుతో జరిగిన ప్రచారానికి అది తెలుగు తమ్ముడు.

2005లో రాష్ట్ర ప్రభుత్వం 'ఆశ' పేరుతో ఇంకొక పెద్ద ప్రచారం చేసింది. పట్టణపు బోర్డులతో ఆగక, గ్రామ గ్రామానికి ఈ మాటను తీసుకొని వెళ్లారు. 2007 డిసెంబరు 1న ఢిల్లీలో 'రెడ్ రిబ్బన్ ఎక్స్‌ప్రెస్' అనే రైలు బయలుదేరింది. దేశమంతా తిరుగుతూ, ఆగిన స్టేషన్లలో ప్రజలను పెట్టెలలోనికి ఎక్కించి బొమ్మలతో, మాటలతో ఈ జబ్బును గురించి చెప్పింది. కళాశాలలలో రెడ్ రిబ్బన్ క్లబ్బులు పెట్టారు. 1097 అనే ఉచిత ఫోను నంబరు పెట్టారు. పేరు చెప్పకుండానే ఎవరైనా ఫోను చేసి సందేహాలు అడగవచ్చును.

ఇంత హడావుడి ఎందుకు చేయవలసి వచ్చిందో అంకెలు చెబుతాయి. 2005-06లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో పెద్దవారిలో నూటికి 0.28 మందికి హెచ్.ఐ.వి. ఉన్నదని తేలగా, మన ఉమ్మడి రాష్ట్రంలో అది 0.97. అంటే దేశపు సగటుకు మూడు రెట్లకు పైగా. సర్వే జరిగిన రాష్ట్రాలలో మణిపూరు తరువాత మనదే. అదే సర్వే వలన ఇంకొక సంగతి కూడా తెలిసింది. దేశంలో 57 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నదని అంతకు ముందు ఐక్యరాజ్యసమితివారు లెక్క వేశారు. సర్వే వచ్చిన తరువాత 2007లో ఆ లెక్కను 25 లక్షలకు దిద్దారు. లెక్క తప్పితే దిద్దుకోవడం సిగ్గు కాదు, అది మంచి పాలన.

2021 అంచనాల ప్రకారం నవ్యాంధ్రలో పెద్దవారిలో నూటికి 0.67 మంది, మొత్తం 3 లక్షల 21 వేల మంది ఈ వ్యాధితో జీవించుచున్నారు. సంఖ్యలో మహారాష్ట్ర తరువాత మన రాష్ట్రమే. దేశం మొత్తం మీద 2010తో పోలిస్తే కొత్తగా సోకడం 46 శాతం, మరణాలు 76 శాతం తగ్గినవి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. చావు బాగా తగ్గింది, కొత్తగా సోకడం అంతగా తగ్గలేదు. మందు పని చేస్తున్నది. మాట ఇంకా చేరవలసిన చోటికి చేరలేదు.

మాత్ర వెనుక కథ

2000 సంవత్సరానికి ముందు ఈ వ్యాధి మందులకు ఒక మనిషికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా ఖర్చయ్యేది. మన కొల్లేటి రైతు పొలం అమ్మినా చాలదు. 2001 ఫిబ్రవరిలో బొంబాయిలోని సిప్లా కంపెనీ అధిపతి యూసఫ్ హమీద్ గారు అదే మూడు మందుల కలయికను పేదల వైద్యసంస్థకు ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ప్రకటించారు. ప్రపంచమంతా ఆశ్చర్యపడింది. ఆ తరువాత మన హైదరాబాదు కంపెనీలు, హెటిరో, అరబిందో వంటివి, ఈ మందులను తయారుచేసి ఆఫ్రికా దేశాలకు సైతం పంపినవి. ఎక్కడో అంగోలాలో ఒక తల్లి వేసుకొనే మాత్ర మన తెలుగు కార్మికుని చేతిలో తయారై ఉండవచ్చును.

2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం ఆరంభించింది. వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలు, ఢిల్లీ అందుకు ఎన్నికైనవి. మన రాష్ట్రం అందులో ఉన్నది. మొదట్లో రోగనిరోధక కణాల లెక్క బాగా పడిపోయినవారికే మందు ఇచ్చేవారు. క్రమంగా ఆ హద్దును పెంచుతూ వచ్చి, 2017 నుండి పరీక్షలో వ్యాధి ఉన్నదని తేలినవారందరికీ వెంటనే మందు ఇవ్వవలెనని నియమం చేశారు. ఈనాడు చాలామందికి రోజుకు ఒకే మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు ఆ ఒక్క మాత్రలోనే ఉన్నవి.

ఈ మందు వ్యాధిని పూర్తిగా పోగొట్టదు, అణచి ఉంచుతుంది. మానితే వైరస్ మరల లేస్తుంది. కాని మానకుండా వేసుకొంటే రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోతుంది. ఆ స్థితిలో కొనసాగుచున్న భర్తనుండి భార్యకు గాని, భార్యనుండి భర్తకు గాని లైంగికముగా వ్యాధి సోకదని వైద్యులు నిర్ధారణ చేశారు. ఇది మన సంఘాలలో నూటికి తొంభై మందికి తెలియని సంగతి. దయచేసి ఈ ఒక్క పేరాను ఇంట్లో గట్టిగా చదివి వినిపించండి.

గర్భవతులకు పరీక్ష, వ్యాధి ఉంటే మందు, పుట్టిన బిడ్డకు కొన్ని వారాలు మందు, ఆరు వారాలకు బిడ్డకు మొదటి పరీక్ష, పద్దెనిమిది నెలలకు చివరి పరీక్ష – ఇది ఇప్పుడు నడుస్తున్న క్రమం. తల్లి మందు మానకుండా ఉంటే బిడ్డకు సోకే అవకాశం చాలా తక్కువ.

గొలుసులో కడపటి లంకె

ఈ పని ఎలా సాగుతుందో కొంచెం వివరిస్తాము. మందును కేంద్రం కొని రాష్ట్రాలకు పంపుతుంది. రాష్ట్ర సొసైటీ దానిని ఏ.ఆర్.టి. కేంద్రాలకు చేర్చుతుంది. మన ప్రాంతమువారికి ఏలూరు పెద్ద ఆసుపత్రిలో అటువంటి కేంద్రం ఉన్నది. పరీక్ష చేసే కేంద్రాలు వేరు. అక్కడ ముందు కౌన్సెలరు మాట్లాడి, సమ్మతి తీసుకొని, ఉచితంగా పరీక్ష చేస్తారు. క్షయ ఉన్నవారిని హెచ్.ఐ.వి. పరీక్షకు, హెచ్.ఐ.వి. ఉన్నవారిని క్షయ పరీక్షకు పంపుతారు. ఎందుకంటే ఈ వ్యాధి ఉన్నవారిని ఎక్కువగా చంపేది క్షయ. వీటన్నిటినీ ఒకదానికొకటి ముడివేయడమే సమన్వయం. ఒక్క లంకె ఊడితే గొలుసంతా వ్యర్థము.

లోపాలు లేవని మేము అనము. కూలి చేసుకొనే మనిషి మందు కొరకు ఏలూరు వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, పైగా బస్సు ఖర్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మునిగింది. అటువంటి సమయంలో సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టుకొంటూ కూర్చున్నవారు మనలో ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న కైకలూరు కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి మారింది. ఏ కాగితానికి ఏ ఆఫీసుకు పోవలెనో తెలియక తికమకపడినవారున్నారు. మందు వాడుతున్నవారికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలైనది. కాని పింఛను పంచేవారు ఊరివారే గనుక, ఏ పింఛను అని పక్కింటివారు అడుగుతారేమోనని దరఖాస్తే పెట్టనివారిని మేము ఎరుగుదుము.

ఇక ప్రచారం మాట. మొదటి రోజులలో గోడల మీద పుర్రె, ఎముకల బొమ్మలు వేసి, ఎయిడ్స్ అంటే చావేనని వ్రాశారు. భయపెడితే జనం జాగ్రత్తపడతారని అనుకొన్నారు. జనం జబ్బుకు భయపడలేదు, జబ్బు ఉన్నవారికి భయపడ్డారు. తరువాత వచ్చిన ప్రచారాలు ఆ తప్పును దిద్దడానికి ప్రయత్నించినవి. కాని ఒకసారి మనసులో వేసిన సున్నం త్వరగా రాలదు. ఆ పుర్రె బొమ్మకు మనం గుడిలో ఇంకొక బొమ్మను జతచేశాము. ఈ జబ్బు వచ్చినవాడు పాపి, అంతే. భర్త తెచ్చిన జబ్బుతో ఉన్న ఇల్లాలిని, తల్లి గర్భమందే పొందిన పసిబిడ్డను కూడా ఆ ఒక్క మాటతోనే కొట్టాము.

చట్టం ఏమంటున్నది?

2017లో పార్లమెంటు హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టాన్ని చేసింది. 2018 సెప్టెంబరు 10 నుండి అది అమలులో ఉన్నది. దాని ప్రకారం ఎవరినీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. ఒకరి సంగతి వారి అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో, అద్దె ఇంట్లో ఈ కారణాన వివక్ష చూపకూడదు. వీరి మీద ద్వేషం పుట్టించే ప్రచారం చేసినవారికి మూడు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జుర్మానా విధించవచ్చును. ఫిర్యాదులు వినడానికి రాష్ట్రాలలో అంబుడ్స్‌మన్ ఉండవలెనని కూడా వ్రాశారు.

మన సంఘపెద్దలు ఈ సంగతి బాగా గమనించవలెను. పెండ్లి ప్రకటన వేయడానికి ముందు పరీక్ష కాగితం తెమ్మని కొన్ని సంఘాలలో అడుగుతున్నారు. వధూవరులు ఇద్దరూ తమంతట తాము పరీక్ష చేయించుకొని, ఒకరికొకరు నిజం చెప్పుకొని పెండ్లాడడం చాలా మంచిది, అలా చేయమని మేము బోధిస్తాము. దాచిపెట్టి పెండ్లి చేసుకోవడం మోసము. కాని ఆ కాగితం పెద్దల చేతిలో పడి, అక్కడనుండి ఊరంతా తిరిగితే ఆ పాపం మనది. ఒప్పించవలెను గాని బలవంతపెట్టకూడదు. కాగితం మన చేతికి రానవసరం లేదు.

పూటకూళ్ల ఇంటివాడు, గాడిద యజమాని

లూకా సువార్తలో దొంగల చేత కొట్టబడినవాని కథ మనకందరికీ కంఠస్థమే. సమరయుడు అతని గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించి, పూటకూళ్ల ఇంటికి తెచ్చి, రెండు నాణెములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. ఆ కథలో ఖర్చు ఉన్నది, ఏర్పాటు ఉన్నది, మరల వచ్చి చూసుకొనే పూచీ ఉన్నది. ఈనాడు ఆ నాణెములను ప్రభుత్వం ఇస్తున్నది. ఏలూరులో పూటకూళ్ల ఇల్లు తెరిచే ఉన్నది. కాని రోడ్డు పక్కన పడినవానిని చూచి ఆగవలసినది, ఎత్తి గాడిద మీద కూర్చోబెట్టవలసినది ఎవరు? అది బడ్జెటులో వ్రాసే పని కాదు. ఆ రోడ్డున ముందుగా పోయిన ఇద్దరూ గుడివారే అని మనం మరచిపోకూడదు.

మార్కు సువార్తలో కుష్ఠరోగిని మన ప్రభువు ముందు ముట్టుకొన్నాడు. మాటతో బాగుచేయగలవాడు చేయి చాపి మరీ ముట్టుకొన్నాడు. మందు ఇవ్వడానికి ముట్టుకోనక్కరలేదు. మనిషిని మనుషులలో కలపడానికి ముట్టుకోవలెను.

మనమేమి చేయగలము?

మా సంఘంలో మేము ఆరంభించిన కొన్ని పనులు ఇవి. పెద్ద పనులేమీ కావు. ఏ గ్రామ సంఘమైనా చేయగలదు.

మొదటిది, ప్రసంగములో చెప్పడము. ప్రతి సంవత్సరం డిసెంబరు 1 ప్రపంచ ఎయిడ్స్ దినము. దానికి దగ్గరలోని ఆదివారమున ఈ వ్యాధి ఎలా సోకుతుందో, ఎలా సోకదో చెబుతున్నాము. జాగ్రత్త లేని లైంగిక సంబంధము, పరీక్షించని రక్తము, ఒకరు వాడిన సూది, తల్లినుండి బిడ్డకు – ఇవే దారులు. కరచాలనము, కలసి భోంచేయడము, ఒకే చెరువు నీరు, దోమకాటు, బల్ల దగ్గర ఒకే పాత్ర – వీటివలన సోకదు. ఇది విన్న రోజున ఒక ముసలి తల్లి వచ్చి, "పదేళ్లుగా నా కొడుకు కంచం వేరే పెట్టానయ్యా" అని ఏడ్చింది.

రెండవది, మందు మానమని ఎవరు చెప్పినా, ఎంత పెద్ద బోధకుడైనా, మా వేదిక మీద చోటు లేదు. ప్రార్థన చేస్తాము, చేతులుంచుతాము, ఉపవాసముంటాము. మాత్ర వేసుకొన్నావా అని కూడా అడుగుతాము. ప్రార్థనకు మాత్ర పోటీ కాదు.

మూడవది, స్త్రీల సమాజపు చందాలోనుండి కొంత సొమ్ము 'ప్రయాణపు చందా' అని పక్కన పెట్టాము. ఏ జబ్బుకైనా పెద్ద ఆసుపత్రికి పోవలసినవారు అడిగి తీసుకోవచ్చును. ఏ జబ్బు అని అడగము. షుగరువారు, కిడ్నీవారు, గుండె జబ్బువారు అందరూ తీసుకొంటున్నారు గనుక ఎవరికీ ముద్ర పడదు.

నాలుగవది, గర్భవతి అయిన ప్రతి సహోదరిని, ఆమె భర్తతో సహా, పరీక్షకు వెళ్లమని మా ఇల్లాలు ప్రోత్సహిస్తున్నది. లారీల మీద, చెరువుల కాపలా మీద నెలల తరబడి బయట ఉండే సహోదరులతో మేము విడిగా మాట్లాడుతున్నాము. సిగ్గుపడే సంగతే. పెట్టె మోయడం కంటే సులువు.

అయిదవది, నోరు. ఒకరు చెప్పుకొన్నది మన నోట బయటకు పోరాదు. కాపరి భార్యకు చెబితే కాలువ రేవుకు చెప్పినట్టేనన్న మాట మన ఊళ్లలో ఉన్నది. ఆ మాటను అబద్ధం చేయవలెను.

బీరువాలోని సీసా

మొదట చెప్పిన సహోదరి సంగతితో ముగిస్తాము. ఆమె అనుమతితోనే, ఆమె ఎవరో తెలియకుండా వ్రాయుచున్నాము.

ఆమె ప్రతి సాయంత్రం దీపాల వేళకు వస్తుంది. గుడి ఊడ్చి, మా వంటగదిలోనికి వచ్చి మాత్ర వేసుకొని, మా ఇల్లాలితో రెండు మాటలు మాట్లాడి వెళ్తుంది. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఏలూరులో చేసిన రక్త పరీక్షలో వైరస్ అందనంతగా తగ్గిందని చెప్పారు. ఆమె భర్త లారీలోనే తన సీసా పెట్టుకొంటున్నాడు. మొన్న చంటివానికి పద్దెనిమిది నెలలు నిండగా చివరి పరీక్ష చేశారు. వానికి వ్యాధి లేదు. ఆ కబురు చెప్పడానికి ఆమె బస్సు దిగి సరాసరి మా గుమ్మానికి వచ్చింది. ఈసారి వెనుక గుమ్మానికి కాదు, ముందు గుమ్మానికి.

మేము ముగ్గురమూ మోకరించి దేవునికి స్తోత్రము చెల్లించాము. ఆ తరువాత ఆమెను అడిగాము: "అమ్మా, ఇక సీసా ఇంటికి తీసుకొని వెళ్తావా?"

ఆమె కొంచెంసేపు ఆలోచించి, "ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండనివ్వండి అయ్యగారూ" అన్నది.

ఆ సీసా ఇంకా మా బీరువాలోనే ఉన్నది. దానిని చూచినప్పుడెల్లా మాకు సంతోషము, సిగ్గు రెండూ కలుగుచున్నవి. ప్రభుత్వం డబ్బు పెట్టింది, శాస్త్రవేత్తలు మందు కనుగొన్నారు, కార్మికులు తయారుచేశారు, లారీలు మోసినవి, నర్సమ్మలు లెక్కపెట్టి చేతిలో పెట్టారు. ఇక మిగిలినది ఒక్కటే. ఆ అత్తగారు కూడా మన సంఘపు విశ్వాసియే. ప్రతి ఆదివారం మూడవ వరుసలో కూర్చుండి మా ప్రసంగం వింటున్నది. ఆ కోడలు తన సీసాను తన ఇంటి గూటిలో, అందరికీ కనబడేటట్టు పెట్టుకొనే దినము వచ్చేవరకు మా ప్రసంగం ఇంకా పూర్తి కాలేదని మేము ఎంచుచున్నాము.

ఆ దినము త్వరగా వచ్చునట్లు ప్రార్థించండి. ప్రార్థించి లేచిన తరువాత, మీ ఇంటి బియ్యం డ్రమ్ములో ఎవరైనా ఏదైనా దాచుకోవలసిన భయం ఉన్నదేమో ఒక్కసారి చూసుకొనండి.